గడప లేని ఇనుప తలుపు

చిక్కడపల్లి నుంచి నారాయణగూడ దాకా, అటు నల్లకుంట మలుపు దాకా, వడ్రంగి రాజేశం బిగించిన తలుపు సరిగా పడలేదని అన్న మనిషి ఇంతవరకు పుట్టలేదు. ఇక ముందు పుట్టబోడు కూడా. ఈ మాట రాసి పెట్టుకోండి.

బర్కత్‌పురాలో ఒక వకీలుగారి ఇంటికి అతను పెట్టిన తలుపు ఉంది. వకీలుగారు వాకిట్లో నిలబడి ఒకసారి దగ్గితే తెరుచుకుంటుంది. ఇంట్లోకి వచ్చి రెండోసారి దగ్గితే మూసుకుంటుంది. ఒక చలికాలం ఆయనకు కోరింత దగ్గు పట్టుకున్నప్పుడు ఆ తలుపు విసనకర్రలా ఆడీ ఆడీ వీధి మొత్తానికి గాలి విసిరిందట. నారాయణగూడలో ఇంకొకటి ఉంది. దాని పై అంచు మీద పిచ్చుక వాలితే చాలు, ఆ బరువుకే మెల్లగా మూసుకుంటుంది. ఆ ఇంటి ముసలావిడ తలుపు వేయమని ఎవరినీ అడగదు, గుప్పెడు నూకలు తీసుకుని పిచ్చుకను పిలుస్తుంది.

అలాంటి చేతులున్న మనిషికి అరవై రెండో ఏట చెక్క కరువైంది. చిక్కడపల్లిలో లైబ్రరీ వెనక సందులో అతని కొట్టు ఉంది. అందులో ఇప్పుడు ఉలి చప్పుడు లేదు, జిగురు వాసనే. జనం టీవీ వెనక గోడకు రంగు కాగితం లాంటి పలకలు అంటించమంటున్నారు. పలకకు జిగురు పూసి గోడకు ఒత్తే పనిని రాజేశం వడ్రంగం అనడు, పోస్టాఫీసు పని అంటాడు. స్టాంపులు అంటించేవాడికీ తనకూ తేడా ఏమిటని అతని బాధ.

అప్పుడు మంటనూ పొగనూ ఆపే నిప్పు తలుపుల కంపెనీ ఒకటి, తలుపులు బిగించడం నేర్పుతామని మూడు రోజుల తరగతి పెట్టింది. రాజేశం టిఫిన్ డబ్బా పట్టుకుని వెళ్ళాడు. "గడ్డం నెరిసినంక బడికి పోతున్నవా? పలక బలపం ఇయ్యాల్నా?" అని అతని భార్య లక్ష్మవ్వ గేటు దాకా వచ్చి సాగనంపింది. మూడు రోజులూ ముందు వరసలో కూర్చున్నాడు. చివరి రోజు కంపెనీవాళ్ళు ఒక షరతు చెప్పారు. మొదటి తలుపు ఎవరికి వారే బిగించాలి. కంపెనీ ఇంజినీరు వచ్చి చూస్తుంది. తలుపు దానంతట అది మూసుకుని గట్టిగా పట్టుకుంటే, బిగించినవాడి పేరు చిన్న ఉక్కు పలక మీద చెక్కి తలుపు అంచుకు బిగిస్తారు. ఆ తర్వాత ఈ చుట్టుపక్కల తలుపులన్నీ అతనివే. తప్పితే మళ్ళీ జిగురు డబ్బాయే.

నలభై ఏళ్ళు తలుపులు చేసినా ఒక్క తలుపు మీదా రాజేశం పేరు లేదు. ఇంటివాళ్ళ పేర్లు మాత్రం ఇత్తడి అక్షరాల్లో అతనే బిగించాడు. కాబట్టి ఆ ఉక్కు పలక అంటే అతనికి ఎంత యావ పట్టుకుందో మీరే అనుకోండి.

మొదటి తలుపు అశోక్‌నగర్‌లో రాఘవేందర్ ఇంటిది.

రాఘవేందర్ ముప్పై మూడేళ్ళు ఒక ఆఫీసులో కూర్చుని, వచ్చిన ప్రతి కాగితం మీదా ‘చర్చించండి’ అని రాసి రిటైరైన మనిషి. చర్చ తప్ప ఏ పనీ అతని చేతికి అంటలేదు. కింది వాటా అతని కాపురం. పైన రెండంతస్తుల నిండా సర్కారు కొలువుల పరీక్షలకు చదివే పిల్లలు. కింది వంటింటి కిటికీలోంచి అతని భార్య కమల కర్రీ పాయింట్ నడుపుతుంది. ఆ సందులో సగంమంది పిల్లల కడుపులు ఆమె గరిటె మీదే నిలబడ్డాయి.

రెండు నెలల కిందట ఒక పొద్దున దొండకాయలు వేయించే నూనె అంటుకుంది. కమల మూతపెట్టి, సిలిండర్ కట్టేసి, మంట ఆర్పేసింది. కానీ అప్పటికే పొగ ఇంటి దర్వాజలోంచి బయటపడి మెట్లదారిని పొగగొట్టం చేసుకుని పైకి పోయింది. పిల్లలు పుస్తకాలు నెత్తిన పెట్టుకుని డాబా మీదికి ఉరికారు. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ రోజు అందరికంటే ముందు బయటపడింది రాఘవేందర్. బయటపడి, రోడ్డుకు అవతలి వైపు నిలబడి, లోపలివాళ్ళు ఏం చేయాలో చెయ్యి ఊపుతూ చెప్పాడు.

తర్వాత ఫైరాఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది. ఇంట్లోంచి మెట్లదారికి ఉన్న తలుపు తీసేసి, నిప్పుకు తట్టుకునే తలుపు పెట్టాలి, అది తనంతట తానే మూసుకోవాలి, లేదంటే పై గదులు ఖాళీ చేయాలి అని. ఆ కాగితం మీద ‘చర్చించండి’ అని రాయడానికి రాఘవేందర్‌కు వీలు లేకపోయింది.

సోమవారం ఇనుప చట్రం నిలబెట్టి వెనక సిమెంటు పోశారు. గురువారం కంపెనీ వ్యానువాళ్ళు ఇద్దరు తలుపు మోసుకొచ్చి, రాజేశంతో కలిసి కీళ్ళకెత్తి వెళ్ళిపోయారు. వాళ్ళు వెళ్ళిన నిమిషానికే రాఘవేందర్ కుర్చీ తెచ్చుకుని ఎదురుగా కూర్చున్నాడు.

"ఏందయ్యా రాజేశం, దీనికి గడప లేదేంది?"

"లేదు సార్."

"మర్చిపోయిన్రా?"

"నిప్పు తలుపుకు గడప ఉండది. పొగల మనిషి కండ్లు మూసుకొని ఉరుకుతడు. గడప తాకి బోర్లపడితే మీరొచ్చి లేపుతరా?"

రాఘవేందర్ ఆలోచించాడు. లేపుతానని అనడానికి నోరు రాలేదు. అంతటి నిజాయితీ అతనిలో ఉందని అంతవరకు ఎవరికీ తెలియదు.

"సరేగని, కింద జర రందా కొట్టు. కాళ్ళు తుడుసుకునే పట్టా తాకుతది."

రాజేశం స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. నలభై ఏళ్ళలో రకరకాల మూర్ఖులను చూశాడు. కిటికీకి కాళ్ళు పెట్టమన్నవాడిని చూశాడు, మంచాన్ని మేకులు లేకుండా భక్తితో నిలబెట్టమన్నవాడిని చూశాడు. ఇనుముకు, అదేదో చెక్క అయినట్టు, రందా కొట్టి అరగదీయమన్న మహానుభావుణ్ణి ఇప్పుడే చూస్తున్నాడు.

"కొడ్త సార్. ముందుగాల మీరు లోపల ఉన్న గా ఇనుప బీరువను కత్తెరతోని రెండు వేళ్ళు కత్తిరించి సూపియ్యున్రి. నేను గట్లనే కొడ్త."

"ఎకసెక్కమా?"

"మీతోని ఎకసెక్కమేంది సార్, తెలుసుకుంటున్న."

రాఘవేందర్ గోటితో తలుపు అంచున ఉన్న నల్ల పట్టీని గీరడం మొదలుపెట్టాడు. "ప్యాకింగుది పీకకుంట వదిలేసిన్రు సూడు, కామ్‌చోర్‌గాళ్ళు." అప్పటికే జానెడు లేచింది.

"చెయ్యి తియ్యున్రి!" అని రాజేశం అరిచిన అరుపుకు పైన మొదటి అంతస్తులో ఎవరో చదువుతున్న పాఠం ఆగిపోయింది. "గది ప్యాకింగ్ కాదు సార్. అగ్గి సెగ తగిలితే ఉబ్బి సందు మూస్తది. పొగ బయటికి రాదు" అని లేచిన పట్టీని మళ్ళీ ఒత్తి అంటించాడు.

"ఉబ్బుతదా? ఎట్ల ఉబ్బుతది?"

"పూరి లెక్క."

అది మాత్రం అర్థమైంది. తినే వస్తువుతో చెబితే రాఘవేందర్‌కు ఏ శాస్త్రమైనా ఎక్కుతుంది. కానీ ఎక్కింది నిలవదు. మరుక్షణమే లోపలికి వెళ్ళి ఒక సంచీ తెచ్చి నేల మీద కుమ్మరించాడు. పై గొళ్ళెం, కింది గొళ్ళెం, అడ్డగడియ, గొలుసు, తాళంకప్ప వేసే కొక్కెం, రెండు చూపుడు కన్నాలు, నోట్లో కడియం కరుచుకున్న ఇత్తడి సింహం తల.

"ఇవన్ని బిగించు."

"సార్, ఇది కోట కాదు. ఒక్క కన్నం ఎక్కువ పొడిచినా ఇది నిప్పు తలుపు కాదు, ఉత్త రేకు. నా పేరు పోతది."

"ఏం పేరయ్యా నీ పేరు?"

రాజేశం స్టూలెక్కాడు. తలుపు పైన మూసే యంత్రం చెయ్యి బిగించాడు. దవడలు కూడా బిగించాడు.

కమల చాయ్ పట్టుకుని వచ్చింది. ఆమె కుర్చీ వేసుకుని కూర్చోలేదు. తలుపు తీసింది, వదిలింది. అది మెల్లగా వచ్చి ‘టక్’ మని పడింది. మళ్ళీ తీసింది, వదిలింది. ‘టక్’.

"రాజేశమన్నా, ఒకటడుగుత. దీపం పెట్టే యాళ్ళకు దర్వాజ తెరిచి ఉండాలె గద? ఇదేమో తీసిందే ఆలస్యం మూసుకుంటది. లక్ష్మి వచ్చే యాళ్ళకు మొఖం మీద ఏసినట్టు కాదా?"

"లక్ష్మి బెల్లు కొడ్తది అక్కా."

"ఇన్నేండ్లల్ల ఎన్నడు కొట్టలే."

"ఇన్నేండ్లు బార్లా తెరిచే పెట్టినవ్ గద. వచ్చిందా మరి? నువ్వు గరిటె తిప్పుడు ఆగిందా?"

"రాకపోవుడేంది? పొద్దుగాల నాలుగు ఇడ్లీలు మింగినవ్ గద, గవి ఎవలు పంపిన్రనుకున్నవ్?" అని కమల చాయ్ గ్లాసు కొంచెం గట్టిగానే పెట్టింది. "సరే, ఇది చెప్పు. దర్వాజకు పసుపుగుడ్డ కట్టవా? నవధాన్యాలు, రూపాయి బిళ్ళ పెట్టి?"

రాజేశం నవ్వాడు. మూడు రోజులు తరగతిలో ముందు వరసలో కూర్చున్న మనిషి నవ్వు అది.

"ఏడ కడ్తవక్కా? దీనికి మొల కొట్టి కన్నం చెయ్యరాదు, గడప కింద పెడుదామంటే గడపే లేదు. అయినా ఇంకా గవేం ముచ్చట్లు? అగ్గి వచ్చి, రూపాయి బిళ్ళను చూసి, అయ్యో గలత్ ఇంటికచ్చిన అని ఎనుకకు పోతదా? చదువుకున్నోళ్ళుండే ఇల్లిది. జర తెలివి తెచ్చుకోవాలె."

"నేను ముందుగాలనే చెప్పిన" అన్నాడు రాఘవేందర్. అతను ఏదీ ముందు చెప్పలేదు. వెనక కూడా ఏదీ చెప్పలేదు. కమల ఇద్దరినీ ఒకే చూపుతో చూసి లోపలికి వెళ్ళింది.

మధ్యాహ్నానికి పని అయిపోయింది. రాజేశం పదిసార్లు తీసి పదిసార్లు వదిలాడు. పదిసార్లూ ‘టక్’. పరీక్ష అయింది, చేతులు కడుక్కుని వెళ్ళాల్సిన మనిషి వెళ్ళలేదు.

"అక్కా, జర పసుపియ్యి. ఏలు గీరుకున్నది" అని లోపలికి కేకేశాడు. కమల చెంచాడు పసుపు ఇచ్చి, ఏ వేలు అని చూసేలోపు చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

"సార్, మీరు జర రోడ్డు మీదికెళ్ళి, ఒక కన్ను మూసి, తలుపు నిలువుగ ఉన్నదా లేదా చూసి రాండ్రి. మీ అసుంటి అనుభవం ఉన్నోళ్ళే చూడాలె."

రోడ్డు మీద నుంచి ఆ తలుపు కనపడదు. మధ్యలో ప్రహరీగోడ ఉంది. అయినా రాఘవేందర్ వెళ్ళి పావుగంట ఒక కన్ను మూసుకుని ప్రహరీగోడను పరీక్షించాడు. ఆ పావుగంటలో రాజేశం ఒక్కడే తలుపు దగ్గర వంగి, రెండు స్క్రూలు విప్పి, మళ్ళీ బిగించాడు. బిగిస్తూ పెదవులు కదిలించాడు. స్క్రూలు లెక్కపెడుతున్నాడు కాబోలు, మనకెందుకు.

"నిలువుగనే ఉన్నది" అని రాఘవేందర్ వచ్చి చెప్పాడు.

"మీరన్నంక ఇంకేంది" అని రాజేశం సంచీ సర్దుకున్నాడు.

శుక్రవారం సాయంత్రం అయిదున్నరకు ఇంజినీరు వస్తుందని కబురు. రాజేశం అయిదింటికే వచ్చాడు. తెల్ల చొక్కా వేశాడు, తలకు నూనె రాశాడు. కావాలనే చుట్టు తిరిగి నడిచి వస్తూ, నారాయణగూడలో తను ఎన్నడో పెట్టిన రెండు తలుపుల దగ్గర ఆగి, వాటికి ఇంకా పేరు లేనందుకు జాలిపడి వచ్చాడు.

వచ్చి చూస్తే నిప్పు తలుపు బార్లా తెరిచి ఉంది. దాని కాళ్ళ దగ్గర రోటి పొత్రం. గడప ఉండాల్సిన చోట కమల నేల మీదే పసుపు నీళ్ళతో గీత గీసి, దాని మీద పిండితో ముగ్గు పెట్టింది. తలుపు నెత్తిన మామిడాకుల తోరణాన్ని రాఘవేందర్ సెల్లోటేపుతో అతికించాడు. ఎంత టేపంటే, ఆకులు కనపడడం లేదు.

"ఇంత మంచి తలుపును పిండిగిర్ని చేసిన్రు గదనే!" అని రాజేశం పొత్రం ఎత్తి పక్కన పడేశాడు. "రెండు గంటలు మంటను ఆపే తలుపుకు రాయి అడ్డం పెడ్తరా? మీ ఇంట్ల తెలివి అనేది ఏ డబ్బల పెట్టిన్రో గని, మూత మాత్రం తియ్యలే."

"ఇయ్యాల శుక్రారం" అంది కమల.

ఇంజినీరు స్కూటీ మీద వచ్చింది. పేరు సంజన. ఆమె హెల్మెట్ తీసేసరికి రాజేశానికి ధైర్యం వచ్చింది, ఎందుకంటే అతని చిన్న ఉలి వయసు కూడా ఆమెకు లేదు. నమస్తే అంకుల్ అని, ఉక్కు స్కేలు తీసి చుట్టూ సందులు కొలిచింది. టార్చి వేసి నల్ల పట్టీ చూసింది, కీళ్ళ స్క్రూలు ఒక్కొక్కటీ తడిమింది. టేపు పీకేయమంది. పీకాక, "ఫిట్టింగ్ నీట్‌గ ఉన్నది" అంది. రాజేశం అది మామూలే అన్నట్టు మీసం తుడుచుకున్నాడు.

"మూడుసార్లు వదులుత. మూడోసారి గూడ పట్టకపోతే ఫెయిల్ రాస్త. రూల్ అంతే."

"మూడెందుకు బిడ్డా, ఒకటి సాలు."

ఆమె తలుపు పూర్తిగా తెరిచి వదిలింది. తలుపు బయలుదేరింది. మెల్లగా వచ్చింది, ఇంకా మెల్లగా వచ్చింది, నాలుగు వేళ్ళ దూరంలో ఏదో ఆలోచించుకుంటున్నట్టు ఆగిపోయింది.

"నేను ముందుగాలనే చెప్పిన" అన్నాడు రాఘవేందర్.

రాజేశం స్టూలెక్కి మూసే యంత్రం చూశాడు. స్క్రూ తల మీద కొత్త గీతలు. "దీన్ని ఎవలు తిప్పిన్రు?"

"చప్పుడైతున్నదని... రవ్వంత."

"రవ్వంతనా! మూడు చుట్లు! ఆఫీసుల గిట్లనే తిప్పి తిప్పి ముప్పై మూడేండ్లు ఒక్క ఫైలు గూడ మూయకుంట వచ్చినవ్ గద సార్. ఈడ గూడ మూసుకోనియ్యవా?"

సంజన నవ్వు ఆపుకుంటూ, "కానీ అంకుల్, ఇది లెక్కల్నే ఉంటది" అంది. రాజేశం స్క్రూ సరిచేశాడు. ఆమె రెండోసారి తెరిచి వదిలింది. ఈసారి తలుపు చక్కగా వచ్చి చట్రానికి ఆనింది. రాజేశం చెవి రిక్కించాడు.

‘టక్’ అనలేదు.

సంజన చిటికెన వేలితో నెట్టింది. తలుపు తెరుచుకుంది.

మొదట్లో నేనొక మాట అన్నాను, రాసి పెట్టుకోమని కూడా అన్నాను. కొట్టేయండి. ఆ మనిషి పుట్టింది, ఇంజినీరింగు కూడా చదివింది. అసలు దగ్గుకు తెరుచుకునే తలుపంటే గొళ్ళెం పట్టని తలుపే కదా. పిచ్చుక వాలితే మూసుకునేదంటే చట్రం ఒక పక్కకు ఒరిగినదే కదా. మీరు వెంటనే అడగలేదు కాబట్టి నేను చెప్పలేదు.

రాజేశం మొహంలో నెత్తురు లేదు. కానీ నోరు ఇంకా ఉంది. ముందు పొత్రాన్ని తిట్టాడు, దాని బరువుకు తలుపు వంగిందన్నాడు. సంజన స్కేలు ఆనించి చూపించింది, వంగలేదు. పైన పిల్లలను తిట్టాడు, పరీక్ష తప్పినప్పుడల్లా వచ్చి తలుపు తంతున్నారన్నాడు. గోడను తిట్టాడు. చివరికి తాళం చేసిన కంపెనీనే తిట్టాడు, కంపెనీ మనిషి ఎదురుగా ఉందని మరిచి.

కమల మాత్రం వంగి, తలుపు అంచులోంచి బయటికి వచ్చే తాళం నాలుకను చూస్తోంది.

"అన్నా, ఈ నాలుక పచ్చగున్నదేంది?"

"తుప్పు!" అన్నాడు రాఘవేందర్. "ఒక్క రోజుకే తుప్పు పట్టింది, చూసిన్రా?"

కమల వేలితో తుడిచి వాసన చూసింది. "తుప్పు కాదు. పసుపు."

సంజన స్క్రూడ్రైవర్ తీసుకుంది. నాలుక వెళ్ళి కూర్చునే గుంత చట్రంలో ఉంటుంది, దాని మీద చిన్న ఇనుప రేకు. రెండు స్క్రూలు విప్పి రేకు తీసి, గుంతలోంచి ఏదో లాగింది. వక్కంత పసుపుగుడ్డ మూట నేల మీద పడింది. పడగానే ముడి వదులై, నాలుగు గింజలు చెదిరి, రూపాయి బిళ్ళ ఒకటి దొర్లుకుంటూ వెళ్ళి కమల గీసిన పసుపు గీత మీద పడుకుంది.

"ఇదెవరు పెట్టిన్రు?" అంది సంజన.

కమల ఒకసారి రాజేశాన్ని చూసింది. అతని తెల్ల చొక్కాను, నూనె రాసిన తలను చూసింది.

"నేనే పెట్టిన మేడం. తెలువక."

"చూసినవా! చూసినవా! ఇంటి పరువు..." అని రాఘవేందర్ ఆమె మీదికి లేచాడు.

రాజేశం చేయాల్సిన పని ఒక్కటే, నోరు మూసుకోవడం. తప్పు ఇంటివాళ్ళది అవుతుంది, గుంత ఖాళీ అయింది కాబట్టి మూడోసారి తలుపు పడుతుంది, పేరు పలక మీదికి ఎక్కుతుంది. నలభై ఏళ్ళుగా ఏ రోజూ నోరు మూసుకోని మనిషికి ఆ ఒక్క నిమిషం మూసుకుంటే చాలు. ఒక గుక్క ఊపిరి ఓర్చుకున్నాడు, రెండో గుక్క కూడా ఓర్చుకున్నాడు. కింద పడ్డ మూట వంక చూశాడు.

"గా ముడి నీకు వస్తదా అక్కా?" అన్నాడు.

కమల వేలికంటిన పసుపును చెంగుతో తుడుచుకుంది.

"రాదు. గరిటె పట్టే చేతులకు గా ముడి రాదు. గది మా నాయిన నేర్పిన ముడి. మేడం, పెట్టింది నేను." తెల్ల చొక్కాకు చేతులు తుడుచుకున్నాడు. "నలభై ఏండ్లు. గిది కట్టకుంట ఒక్క దర్వాజ నిలబెట్టలే. నిన్న నిలబెట్టి, టెస్ట్ చేసి, ఇంటికి పోదామంటే కాళ్ళు కదల్లే. దీనికి గడప లేకపాయె, మొల కొట్టరాకపాయె. ఇంత పెద్ద తలుపుల నాకు దొరికిన జాగ గా ఒక్క గుంతే. పెట్టినంక మళ్ళ వదిలి చూడలే. నా తలుపు నేను మళ్ళ చూసుడేందని."

"సచ్చినోడా, నేను నెత్తిన ఏసుకుంటుంటే నీకెందుకు నొప్పి?" అంది కమల.

"నా ముడి నువ్వు కట్టినవని చెప్తే నొప్పి కాదా?"

అప్పుడు రాఘవేందర్ నవ్వాడు. మెట్ల మీద కూలబడి నవ్వాడు. "అగ్గి రూపాయి బిళ్ళను చూసి ఎనుకకు పోతదా? గలత్ ఇంటికచ్చిన అంటదా?" అని నిన్నటి మాటలు రాజేశం గొంతుతోనే అప్పజెప్పాడు. ఆ నవ్వుకు పైనుంచి పిల్లలు రెండు వరసలుగా దిగి వచ్చి మెట్ల మీద నిలబడ్డారు. అంతమంది ముందు రాజేశం తల దించుకుని రేకు మళ్ళీ బిగించాడు. రెండు స్క్రూలు. ఈసారి పెదవులు కదల్లేదు.

సంజన తలుపు తెరిచింది. "మూడోది" అని వదిలింది.

తలుపు వచ్చింది. పిల్లలు కూడా ఊపిరి బిగబట్టారు. వాళ్ళ పరీక్షల ఫలితాలకు కూడా అంత బిగబట్టి ఉండరు.

‘టక్’.

ఆమె వేలితో నెట్టింది, అరచేత్తో నెట్టింది, చివరికి భుజం ఆనించి నెట్టింది. తలుపు కదల్లేదు. కాగితం మీద రెండు వరసలు రాసి, "పలక మీద పేరు ఎట్ల రాయమంటరు? ఉత్త రాజేశమా, ఇంటి పేరు గూడనా?" అని అడిగింది.

"ఇంత జరిగినంక నా పేరేస్తవా బిడ్డా?"

"తప్పు ఏడున్నదో చెప్పేటోళ్ళు దొరికితే మాకు పరేషాన్ ఉండది అంకుల్. కానీ వచ్చే తలుపుకు గీ మూట ఏడ పెడ్తరో ఇప్పుడే చెప్పాలె."

రాజేశం తలుపును పైనుంచి కింది దాకా చూశాడు. పెట్టే జాగ ఎక్కడా లేదు. "జేబుల పెట్టుకుంట" అన్నాడు.

ఇంతలో దీపం వేళ అయింది. కమల దీపం వెలిగించి మూసుకున్న తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. పొత్రం వైపు చూసింది. తర్వాత సంజన వైపు చూసింది.

"రాయి పెట్టరాదు ఆంటీ" అంది సంజన. "మనిషి పట్టుకొని నిలబడితే ఫర్వాలేదు. పొగొస్తే మనిషి వదిలేస్తడు, రాయి వదలది."

కమల, రాజేశం, మెట్ల మీది పిల్లలు అందరూ ఒక్కసారే రాఘవేందర్ వైపు తిరిగారు. ఆ రోజు నుంచి ప్రతి సాయంత్రం దీపం వేళకు అరగంట సేపు, ఆ ఇంటి యజమాని తలుపు పట్టుకుని నిలబడుతున్నాడు. పొగ వస్తే అందరికంటే ముందు వదిలేసేది అతనే కాబట్టి ఆ కొలువుకు అంతకంటే తగినవాడు దొరకడు. ముప్పై మూడేళ్ళ సర్వీసు తర్వాత అతనికి చేతనైన పని ఒకటి దొరికింది.

పలక మీద పేరు ఉంది. కావలిస్తే అశోక్‌నగర్ వెళ్ళి చూసుకోండి, తలుపు అంచున కింది కీలు పక్కన. పసుపూ నిజమే, రూపాయి బిళ్ళా నిజమే, రందా మాటా నిజమే. ఒక్కటి మాత్రం నేను కల్పించాను. రాఘవేందర్ నవ్వాడని రాశాను కదా. నవ్వలేదు. నవ్వడానికి నోరు తెరిచిన మాట నిజం. తెరిచిన నోరు అలాగే ఉంచుకుని, నొప్పి మోకాళ్ళ మీద కూర్చుని, చెదిరిన గింజలు ఒక్కొక్కటే ఏరి, బిళ్ళను కళ్ళకద్దుకుని, గుడ్డలో పెట్టి ముడి వేయబోయాడు. ముడి పడలేదు. అలాగే తెచ్చి రాజేశం చేతిలో పెట్టి, "నువ్వే కట్టు" అన్నాడు. పిల్లలు దిగి వచ్చింది కూడా ఏ నవ్వూ వినపడక, ఏమైందోనని.

అది ఉన్నది ఉన్నట్టు రాస్తే, ఇంతసేపూ అతన్ని అన్న మాటలన్నీ నేను వెనక్కి తీసుకోవాలి. అందుకని నవ్వించాను.